గాలిని కొలిస్తే ఆసిడ్ లెక్క తేలుతుంది

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఆదర్శ వాయు సమీకరణాన్ని మనం ఇంటర్మీడియట్‌లో ఒకసారి, డిగ్రీలో మరొకసారి చదువుతాం. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత ఇచ్చి మోల్‌ల సంఖ్య కనుక్కోమంటారు. కనుక్కుంటాం. మార్కులు వేస్తారు. పరీక్ష అయ్యాక ఆ సమీకరణం దారి దానిది, మన దారి మనది. ఆ సమీకరణానికీ చీనీ తోటకీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగితే క్లాసులో సగంమంది నవ్వుతారు. సంబంధం ఉంది. కొంచెం దగ్గరి సంబంధమే ఉంది. దాన్ని వివరించడానికే ఈ వ్యాసం.

డబ్బామీద లేని అంకె

మన అనంతపురం ప్రాంతంలో బోర్ల మీద ఆధారపడిన తోటల్లో డ్రిప్పు లేని తోట అరుదు. బోరు నీళ్ళలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. ఆ నీరు డ్రిప్పరు మూతి దగ్గర ఎండకు ఆవిరవుతుంటే బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాతి పదార్థమే, తెల్లటి పొరగా పేరుకుంటుంది. మొదట నీటిబొట్టు సన్నబడుతుంది. తర్వాత ఆగిపోతుంది. పైపు మొదట్లో ఉన్న చెట్టు పచ్చగా ఉంటుంది, చివర ఉన్న చెట్టు ఆకు ముడుచుకుంటుంది. మోటారు ఆడుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది, నీరు మాత్రం చెట్టుకి చేరదు.

దీనికి మందు హైడ్రోక్లోరికామ్లం. సున్నపు పొర ఆమ్లంతో కలిస్తే కాల్షియం క్లోరైడ్‌గా మారి నీళ్ళలో కరిగి బయటికి పోతుంది, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా లేస్తుంది. డ్రిప్పు చేతిపుస్తకాల్లో తరచుగా కనిపించే లెక్క ఇది: 33 శాతం హైడ్రోక్లోరికామ్లాన్ని, పైపులో పారే ప్రతి వెయ్యి లీటర్ల నీటికి 6 లీటర్ల చొప్పున, పది పదిహేను నిమిషాలసేపు ఎక్కించాలి. ఆ తర్వాత పైపుల్లో ఆమ్లం మిగలకుండా బాగా నీళ్ళు పారించాలి.

లెక్క బాగానే ఉంది. చిక్కంతా ఆ '33 శాతం' దగ్గర వస్తుంది. కిందటి వేసవిలో మా నాయన తోటకని తెచ్చిన డబ్బాకి లేబులు లేదు. 'ఆసిడ్' అని బొగ్గుతో రాసినట్టు నల్లగా ఒక మాట ఉంది, అంతే. అది 33 శాతమో, ఎవరో మధ్యలో నీళ్ళు కలిపిందో, బాత్‌రూములు కడిగే పలచని సరుకో చూసి చెప్పలేం. వాసన ఘాటుగా ఉంటే గట్టి ఆసిడ్ అని మా ఊళ్ళో ఒక నమ్మకం ఉంది. ముక్కు మోలారిటీ చెప్పదు కదా! మా నాయన నన్ను అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "ఏమిరా, దీంట్లో ఎంత సరుకుందో నువ్వు చదివే చదువు చెప్తాదా?"

"చెప్తాది నాయనా, సీసాలో కొంచెం పోసియ్యి" అన్నాను.

ఆమ్లం అనుకున్నదానికంటే పలచన అయితే పొర సగం కరిగి సగం మిగులుతుంది. డబ్బు పోతుంది, పని కాదు. పలచన అనుకుని ఎక్కువ పోస్తే, అది నిజంగా గట్టిదైతే, ఫిల్టరు, వాల్వుల ఇనుము తింటుంది, వేరుకి తగులుతుంది. కాబట్టి ఇక్కడ గాఢత అనేది పరీక్ష ప్రశ్న కాదు. ఏడెనిమిదేళ్ళు పెంచిన చెట్టు సంగతి.

శేరు గింజల కథ

ఆమ్లంలో మెగ్నీషియం వేస్తే హైడ్రోజన్ వాయువు వస్తుందని హైస్కూల్లోనే చూశాం. ఒక మెగ్నీషియం పరమాణువు రెండు హైడ్రోక్లోరికామ్ల అణువులతో చర్య జరిపితే ఒక హైడ్రోజన్ అణువు పుడుతుంది. అంటే బయటికొచ్చిన హైడ్రోజన్ అణువుల్ని లెక్కపెట్టి రెట్టింపు చేస్తే ఆమ్లం అణువుల సంఖ్య తేలిపోతుంది. మరి కంటికి కనబడని అణువుల్ని లెక్కపెట్టేదెలా?

ఇక్కడే ప్రకృతి మనకొక సాయం చేసింది. మనం కళ్ళంలో గింజల్ని శేరుతో కొలుస్తాం. శేరు కందుల్లో ఉన్నన్ని గింజలు శేరు వేరుశనగ విత్తనాల్లో ఉండవు. గింజ పెద్దదైతే సంఖ్య తగ్గుతుంది. వాయువుల సంగతి అలా కాదు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర శేరు హైడ్రోజన్‌లో ఎన్ని అణువులున్నాయో శేరు బొగ్గుపులుసు వాయువులోనూ అన్నే ఉంటాయి, శేరు గాలిలోనూ అన్నే ఉంటాయి. అణువు బరువు ఇరవై రెండు రెట్లున్నా సంఖ్య మారదు. కారణం, వాయువులో అణువులు ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటాయి. ఆక్రమించిన జాగా దాదాపు అంతా ఖాళీ. ఖాళీని కొలిచేటప్పుడు గింజ సైజుతో పనేముంది? 1811లో ఇటలీకి చెందిన అవొగాడ్రో చెప్పింది ఇదే.

ఆ మాట ఒక్కరోజులో పుట్టలేదు. పీడనం పెరిగితే ఘనపరిమాణం తగ్గుతుందని బాయిల్ 1662లో ప్రకటించాడు. వేడి చేస్తే వాయువు ఏ మేరకు వ్యాకోచిస్తుందో చార్లెస్ గమనించి ప్రచురించకుండా ఊరుకుంటే, గే-లుసాక్ 1802లో దాన్ని ప్రచురించి చార్లెస్ పేరు చెప్పాడు. ఈ పాయలన్నింటినీ 1834లో క్లాపిరాన్ ఒకే సమీకరణంలోకి కలిపాడు. మనం ఇవాళ రాసుకునే రూపం పి.వి. = ఎన్.ఆర్.టి. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది, మోల్‌ల సంఖ్యను వాయు స్థిరాంకంతోనూ పరమ ఉష్ణోగ్రతతోనూ గుణించినదానికి సమానం. ఆర్ విలువ 8.314 జౌళ్ళు, ఒక మోల్‌కి, ఒక కెల్విన్‌కి. పీడనాన్ని పాదరసం మిల్లీమీటర్లలో, ఘనపరిమాణాన్ని లీటర్లలో తీసుకుంటే అదే ఆర్ 62.36 అవుతుంది.

ఆమ్లంలో లోహం వేసి పుట్టిన 'మండే గాలి'ని శ్రద్ధగా కొలిచినవాడు కావెండిష్. ఆయన 1766లోనే ఒక విశేషం చూశాడు. ఒకే తూకం జింకును గంధకామ్లంలో కరిగించినా హైడ్రోక్లోరికామ్లంలో కరిగించినా వచ్చే వాయువు అంతే. వాయువు లోహంలోంచి వస్తోందని ఆయన అనుకున్నాడు. ఇవాళ మనకు తెలుసు, అది ఆమ్లంలోని హైడ్రోజన్. ఆయన లోహాన్ని తూచి ఆమ్లాన్ని పుష్కలంగా పోశాడు. మనం చేయబోయేది దానికి సరిగ్గా తిరగేసిన పని: లోహాన్ని పుష్కలంగా వేసి ఆమ్లాన్ని కొలిచి పోయడం.

అంశమాపనం ఉండగా ఇదెందుకు?

మిత్రులు అడిగే మొదటి ప్రశ్న ఇది. బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ పోసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి, గులాబీరంగు రాగానే ఆపేస్తే సరిపోదా? సరిపోతుంది. అయితే ఆ సోడియం హైడ్రాక్సైడ్ గాఢత ఎంతో ముందు తెలియాలి. అది గాలిలోని తేమను పీలుస్తుంది, బొగ్గుపులుసు వాయువును పీలుస్తుంది. తూచి కలిపినా నమ్మకం లేదు. కాబట్టి దాన్ని ఆక్జాలికామ్లంతో సరిచూడాలి. ఆ ఆక్జాలికామ్లం శుద్ధమైనదై ఉండాలి, దాన్ని నాలుగు దశాంశాల తక్కెడలో తూచాలి. సాక్షికి ఇంకో సాక్షి, ఆ సాక్షికి మరో సాక్షి అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

వాయువు పద్ధతిలో సాక్షి ఒక్కడే, ఆర్ అనే స్థిరాంకం. అది మన ప్రయోగశాలలోనూ 8.314, ఎక్కడైనా 8.314. పైగా మెగ్నీషియం అవసరానికి మించి వేస్తాం కాబట్టి దాన్ని తూచే పని కూడా లేదు. ఒక కొలగొట్టం, ఒక ఉష్ణమాపకం, ఒక భారమితి. ఈ మూడింటితో మోలారిటీ తేలుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చింది అందుకే.

పరికరం, పద్ధతి

వంద మి.లీ. గ్యాస్ బ్యూరెట్ ఒకటి నిలువుగా బిగించాలి. దాని కింది కొనకు పొడవాటి రబ్బరు గొట్టం, ఆ గొట్టం రెండో కొనకు ఒక గరాటు. గరాటులో నీళ్ళు పోస్తే బ్యూరెట్‌లోకి ఎక్కుతాయి. ఇల్లు కట్టే మేస్త్రీలు గోడల మట్టం చూడటానికి నీళ్ళు నింపిన సన్నటి గొట్టాన్ని వాడతారే, సరిగ్గా అదే సూత్రం. గరాటును పైకీ కిందికీ జరుపుతూ రెండువైపులా నీటిమట్టం సమానం చేస్తే లోపలి పీడనం బయటి పీడనానికి సమానమైనట్టే. మట్టి పరీక్షల్లో సున్నం శాతం కొలిచే కాల్సిమీటరు కూడా ఈ బాపతుదే.

బ్యూరెట్ పై కొనను రబ్బరు గొట్టంతో ఒక శాంకవ కుప్పె బిరడాకి కలపాలి. బిరడాకి రెండు రంధ్రాలుండాలి. రెండో దాంట్లో చిన్న గాజునాళం, దానికి రబ్బరు ముక్కతో బిగించిన సూది లేని ప్లాస్టిక్ సిరంజి. కుప్పెలో నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దిన మెగ్నీషియం రిబ్బను పన్నెండు సెంటీమీటర్ల ముక్క చుట్టి వేయాలి. రుద్దడం ఎందుకంటే, రిబ్బను మీదున్న ఆక్సైడు పొర ఆమ్లాన్ని తింటుంది గాని వాయువునివ్వదు. కడుపు నింపుకుని పని చేయని కూలీ లాంటిది అది.

డబ్బాలోని ఆమ్లాన్ని ఉన్నదున్నట్టు వాడకూడదు. రబ్బరు బల్బు పెట్టిన పిపెట్‌తో 10 మి.లీ. తీసుకుని, ముందే సగం నీళ్ళున్న 200 మి.లీ. ప్రమాణ కుప్పెలో పోసి, గీతదాకా నీళ్ళు నింపాలి. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో పోయరాదు. నోటితో పీల్చే సాహసం ఎవరూ చేయవద్దని మనవి. ఇప్పుడు ఆమ్లం ఇరవై రెట్లు పలచబడింది.

ఈ పలచని ద్రావణం సరిగ్గా 10 మి.లీ. సిరంజిలోకి తీసుకుని, బిరడా బిగించి, గరాటు సర్ది, బ్యూరెట్ రీడింగు సున్నా దగ్గర పెట్టి, ఒక్క నిదానపు నొక్కుతో ఆమ్లాన్ని కుప్పెలోకి దింపాలి. బుడగలు జోరుగా లేస్తాయి. బ్యూరెట్‌లో నీళ్ళు దిగుతుంటాయి. దిగేకొద్దీ గరాటును కూడా దించుతూ ఉండాలి. చర్య ఆగాక కుప్పెలో కొంచెం రిబ్బను మిగిలి ఉండాలి. మిగలకపోతే ఆమ్లం అంతా ఖర్చు కాలేదన్నమాట, ఇంకొంచెం రిబ్బనుతో మళ్ళీ చేయాలి.

వెంటనే రీడింగు తీయకూడదు. ఈ చర్యలో వేడి పుడుతుంది. మాకొచ్చినంత హైడ్రోజన్‌కి లెక్క కట్టి చూస్తే ఆ 10 మి.లీ. ద్రావణాన్ని 15 డిగ్రీలకు పైగా వేడెక్కించేంత వేడి! కుప్పెలో ఉన్న వంద మి.లీ. గాలి ఒక్క డిగ్రీ వెచ్చబడితేనే మూడోవంతు మి.లీ. ఉబ్బుతుంది. కాబట్టి కుప్పెను గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ళ తొట్టిలో ఉంచి పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి. మరీ గంటలకొద్దీ కూడా ఆగకూడదు. మిగిలిన మెగ్నీషియం నీళ్ళతో మెల్లమెల్లగా చర్య జరుపుతూ దొంగలెక్క చేరుస్తుంది.

దగ్గర్లో అగ్గిపుల్ల గీయరాదు. లోపలున్నది హైడ్రోజనూ గాలీ కలిసిన మిశ్రమం.

కులగోత్రాలు అడగని లెక్క

ఇక్కడ ఒక సందేహం రావాలి. బ్యూరెట్‌లోకి వచ్చింది హైడ్రోజనేనా? కాదు! చాలామటుకు అంతకుముందు కుప్పెలో ఉన్న గాలే. హైడ్రోజన్ కుప్పెలో పుట్టి, గాలిని ముందుకు నెట్టింది. మరి మనం కొలిచింది గాలినైతే హైడ్రోజన్ లెక్క ఎలా తేలుతుంది?

తేలుతుంది. శేరు కథ గుర్తు తెచ్చుకోండి. పి.వి. = ఎన్.ఆర్.టి. సమీకరణంలో వాయువు పేరుకి చోటు లేదు. అణువు ఏ జాతిదో, ఎంత బరువో అది అడగదు. ఎన్ని తలలున్నాయో మాత్రమే అడుగుతుంది. లోపల అదనంగా ఎన్ని అణువులు పుట్టాయో అన్నింటికి సరిపోయే జాగా పెరుగుతుంది. బయటికి కనిపించే ఆ పెరుగుదలలో ఉన్నది గాలైనా, హైడ్రోజనైనా, రెండూ కలిసినా లెక్క ఒకటే. ఈ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచింది ఈ సంగతే. కులగోత్రాలు అడగకుండా తలలు మాత్రం లెక్కపెట్టే పద్ధతి మన సమాజంలో కష్టంగాని, వాయువుల్లో రెండువందల ఏళ్ళనుంచి నడుస్తోంది.

ఇక అంకెల్లోకి

నేనూ నా ల్యాబ్ జోడీ కలిసి మూడుసార్లు చేశాం. బ్యూరెట్ రీడింగులు 51.0, 50.6, 51.3 మి.లీ. వచ్చాయి. సగటు 51.0. గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. ల్యాబ్ భారమితిలో పీడనం 728 మి.మీ.

మొదటి సవరణ. సిరంజిలోంచి 10 మి.లీ. ద్రావణం కుప్పెలోకి దిగినప్పుడు అది కూడా 10 మి.లీ. గాలిని బయటికి తోసింది. అది హైడ్రోజన్ పుణ్యం కాదు. తీసేస్తే నికర ఘనపరిమాణం 41.0 మి.లీ., అంటే 0.0410 లీటర్లు.

రెండో సవరణ. నీటిమీద ఉన్న ఏ వాయువైనా తడిదే. దాంట్లో నీటియావిరి కూడా తన వంతు పీడనం చూపుతుంది. 27 డిగ్రీల దగ్గర జలబాష్ప పీడనం 26.7 మి.మీ. డాల్టన్ పాక్షిక పీడనాల నియమం ప్రకారం దాన్ని తీసేయాలి. 728 లోంచి 26.7 పోతే 701.3 మి.మీ.

హైడ్రోజన్ మోల్‌లు = (701.3 × 0.0410) ÷ (62.36 × 300) = 28.75 ÷ 18,708 = 0.001537.

హైడ్రోక్లోరికామ్లం మోల్‌లు దానికి రెట్టింపు, 0.003074. ఇవి 10 మి.లీ.లో ఉన్నాయి, కాబట్టి పలచని ద్రావణం 0.307 మోలార్. ఇరవై రెట్లు చేస్తే డబ్బాలోని ఆమ్లం 6.15 మోలార్.

శాతంలో కావాలంటే ఇంకో అడుగు వేయాలి. 6.15ను అణుభారం 36.46తో గుణిస్తే లీటరుకి 224 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్. వంద మి.లీ. ఆమ్లం తూస్తే 110 గ్రాములు తూగింది, అంటే లీటరు 1,100 గ్రాములు. 224ను 1,100తో భాగిస్తే 20.4 శాతం. చేతిపుస్తకం చెప్పిన 33 కాదు, ఇరవై!

ఆ తర్వాత అంశమాపనం కూడా చేశాం. 6.22 మోలార్ వచ్చింది. రెండింటికీ తేడా నూటికి ఒకటి. రిబ్బను మీద మిగిలిన ఆక్సైడు ఆ కాస్త ఆమ్లాన్ని తిని ఉండవచ్చు. తోటకి ఈ తేడా లెక్కలోది కాదు.

ఎక్కడ కాలు జారుతుంది?

ఒక్కో సవరణ వదిలేస్తే ఏమవుతుందో మా అంకెలతోనే చూడండి. సిరంజి తోసిన 10 మి.లీ. తీసేయకపోతే జవాబు 24 శాతం ఎక్కువ వస్తుంది. బాష్పపీడనం మరిచిపోతే దాదాపు 4 శాతం ఎక్కువ. మోల్‌కి 22.4 లీటర్లు అని కంఠస్థం చేసింది నేరుగా వాడితే 19 శాతం ఎక్కువ. ఎందుకంటే ఆ 22.4 సున్నా డిగ్రీల దగ్గర, 760 మి.మీ. దగ్గర, పొడి వాయువుకి చెల్లే మాట. మన ఊరి గది అది కాదు.

పీడనం గురించి ప్రత్యేకంగా ఒక మాట. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి పీడనం 760 ఉండదు, 730 ప్రాంతంలో ఉంటుంది. చాలామంది సెల్‌ఫోన్‌లో వాతావరణం చూసి పీడనం రాసుకుంటారు. వాతావరణ వార్తల్లో ఇచ్చే పీడనం సాధారణంగా సముద్రమట్టానికి సరిచేసిన అంకె. అన్ని ఊళ్ళనూ పోల్చడానికి అది మంచిదే. మన కుప్పె మాత్రం సముద్రపు ఒడ్డున లేదు! ఆ అంకె వాడితే నాలుగు శాతం పైచిలుకు తప్పు వస్తుంది. ల్యాబ్‌లో గోడకున్న పాదరసపు భారమితిని చూసి రాసుకోవడమే ఉత్తమం.

నీటిమట్టాలు సమానం చేయకపోతే వచ్చే తప్పు చిన్నదే. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. కాబట్టి నీటిమట్టాల్లో 68 మి.మీ. తేడా ఉంటే పీడనంలో 5 మి.మీ. తేడా. సమానం చేయడం తేలిక, లెక్క కట్టడం శ్రమ.

మరి హైడ్రోజన్ నిజంగా ఆదర్శ వాయువేనా? ఏ వాయువూ కాదు. అణువులకు సొంత జాగా ఉంటుంది, ఒకదానిమీద ఒకదానికి ఆకర్షణా ఉంటుంది. వాన్ డర్ వాల్స్ 1873లో చెప్పింది అదే. అయితే మన గది పరిస్థితుల్లో హైడ్రోజన్ ఆదర్శం నుంచి తప్పేది వెయ్యికి ఒక వంతు కూడా లేదు. మన బ్యూరెట్ గీతలు చదవడంలో వచ్చే తప్పే దానికంటే ఎక్కువ.

వంటసోడాతో చేయకూడదా?

మెగ్నీషియం పల్లెలో ఎక్కడ దొరుకుతుందని కొందరు అడిగారు. వంటసోడాలో ఆమ్లం పోసినా వాయువు వస్తుంది, బొగ్గుపులుసు వాయువు. పైగా ఒక ఆమ్లం అణువుకి ఒక వాయు అణువు, అంటే హైడ్రోజన్‌కి రెట్టింపు. చిక్కేమిటంటే బొగ్గుపులుసు వాయువు నీళ్ళలో బాగా కరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో లీటరు నీళ్ళు ముప్పావు లీటరుకు పైగా వాయువును మింగగలవు. హైడ్రోజన్ అయితే అదే లీటరు నీళ్ళలో ఇరవై మి.లీ. దాకా మాత్రమే కరుగుతుంది. సోడాతో చేస్తే కుప్పెలో ఉన్న కొద్దిపాటి ద్రావణమే కొంత వాయువును దాచేసుకుని, ఆమ్లం ఉన్నదానికంటే పలచనగా కనిపిస్తుంది. ఇంటిదగ్గర ఉజ్జాయింపుగా చూసుకోవడానికి పనికొస్తుంది గాని లెక్కకి మెగ్నీషియమే మేలు.

ఇంకో హద్దు కూడా చెప్పాలి. ఈ పద్ధతి ఆమ్లం ఎంతుందో చెబుతుంది, ఏ ఆమ్లమో చెప్పదు. గంధకామ్లమైతే ఒక అణువు నుంచే ఒక హైడ్రోజన్ అణువు వస్తుంది, కాబట్టి రెట్టింపు చేయకూడదు. నత్రికామ్లానికి ఈ పద్ధతి అసలు నప్పదు. అది హైడ్రోజన్‌కి బదులు నైట్రోజన్ ఆక్సైడులనిస్తుంది. డబ్బాలో ఉన్నది హైడ్రోక్లోరికామ్లమేనని సిల్వర్ నైట్రేట్ చుక్కతో తెల్లటి అవక్షేపం చూసి ముందు తేల్చుకున్నాం.

తోటలోకి

33 శాతం ఆమ్లం అంటే సుమారు 10.5 మోలార్. వెయ్యి లీటర్లకు అది 6 లీటర్లు కావాలంటే, 6.15 మోలార్ ఆమ్లం ఎంత కావాలి? 10.5ను 6తో గుణించి 6.15తో భాగిస్తే 10.2 లీటర్లు. పుస్తకంలో ఉంది కదా అని ఆరే పోసి ఉంటే నూటికి యాభై తొమ్మిది పాళ్ళ పని మాత్రమే జరిగేది. వంద గ్రాముల సున్నపు పొర కరగడానికి 33 శాతం ఆమ్లమైతే 190 మి.లీ. చాలు, మా డబ్బాది 325 మి.లీ. పడుతుంది.

ఈ అంకె చెప్పగానే మా నాయన వేసిన ప్రశ్న రసాయనశాస్త్రంలోది కాదు: "అంటే ముప్పైమూడు దుడ్డిచ్చి ఇరవై తెచ్చుకున్నామా?" మరుసటి డబ్బా కొనేముందు ఆయన దుకాణంలో శాతం అడిగాడు. లేబులున్న డబ్బా తెచ్చాడు. నా దృష్టిలో ఈ ప్రయోగం ఫలితం 6.15 కంటే అదే పెద్దది.

చేసేవాళ్ళకు రెండు హెచ్చరికలు. నాచు పోవడానికి డ్రిప్పులో బ్లీచింగ్ పౌడరు కూడా వాడే అలవాటుంది. దాన్ని ఆమ్లంతో ఒకేసారి, ఒకే తొట్టిలో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. రెండోది, మోతాదు మీద మీ డ్రిప్పు కంపెనీ చేతిపుస్తకం ఏం చెప్పిందో చూసుకుని, చివరి డ్రిప్పరు దగ్గర పీహెచ్ కాగితంతో ఆమ్లం అక్కడిదాకా చేరిందో లేదో పరీక్షించుకోండి. నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువైతే అదే కొంత ఆమ్లాన్ని ముందుగా మింగేస్తుంది.

విద్యార్థి సంఘానికి ఒక సూచన

మన క్లాసులో సగానికి పైగా సేద్యగాళ్ళ బిడ్డలం. ప్రతివాళ్ళ ఇంట్లోనూ బోరు, డ్రిప్పు, ఎక్కడో ఓ మూల లేబులు లేని ఆసిడ్ డబ్బా ఉంటాయి. సంఘం ఎన్నికలప్పుడు క్యాంటీన్ గురించీ బస్సుపాసుల గురించీ వాగ్దానాలు చేస్తాం, మంచిదే. దాంతోపాటు, ఏటా వేసవికి ముందు, పైపులు కడిగే అదనులో, ఒక శనివారం కెమిస్ట్రీ ల్యాబ్ తెరిపించి, ఎవరైనా గాజుసీసాలో వంద మి.లీ. ఆమ్లం జాగ్రత్తగా తెస్తే శాతం కట్టి చీటీ రాసిచ్చే ఏర్పాటు చేయమని కోరుతున్నాను. ఒక పరీక్షకి పట్టేది అరగంట. ఖర్చు పన్నెండు సెంటీమీటర్ల రిబ్బను. గ్యాస్ బ్యూరెట్ ల్యాబ్ బీరువాలో ఉంది, భారమితి గోడకే ఉంది.

మొదటి శనివారం బ్యూరెట్ దగ్గర నిలబడటానికి నేను సిద్ధం. గరాటు పట్టుకుని మట్టం సరిచూసేందుకు ఇంకొకరు కావాలి. ఆసక్తి ఉన్న జూనియర్లు కెమిస్ట్రీ ల్యాబ్ రిజిస్టరులో పేరు రాయండి.